గిటారు మంద్రతంత్రులు: ఫ్లమెంకో నాదమునకు తగినవాని నెంచుకొను విధము



నేటి నా ప్రసంగవిషయము వినగానే మీలో కొందఱికి నవ్వు రావచ్చును. "ఈ ముసలి పంతులు అమరమో, బాలవ్యాకరణమో చెప్పుకొనక, స్పెయిన్ దేశపు వాద్యమునకు తీగలు కట్టు సంగతి మాకేల చెప్పవచ్చెను?" అని యనుకొందురేమో. కారణము చెప్పెదను. ఇప్పుడు మన పల్లెలలో సైతము పెక్కిండ్ల గిటారు కానవచ్చుచున్నది. మనుమడో మనుమరాలో దానిని చేతబట్టుకొని వచ్చి, "తాతయ్యా, తీగలు తెగిపోయినవి, డబ్బులీయవా" అని యడిగినపుడు రొండిననున్న సంచి విప్పవలసినవారము మనమే. డబ్బిచ్చువాడు వస్తువు గుణమెఱిగి యిచ్చుట మంచిది గదా! అంతకు మించి వేఱొక కారణమును గలదు. తీగ యనునది చాల చిన్న వస్తువు. అయినను దానిని పట్టుకొని విచారించుచు పోయినచో, ఒక సీమలోని జనులు మంచి నాదమని దేనిని తలంచిరో మనకు బోధపడును. అది మన తలంపునకు వేఱైనపుడు మన తలంపును గూడ మనము మఱింత స్పష్టముగ తెలిసికొందుము.

ముందు ఆ దేశమును, ఆ జనులను గూర్చి రెండు మాటలు. ఐరోపా ఖండమునకు నైరృతిమూలనున్న స్పెయిన్ దేశములో దక్షిణభాగమును ఆందలూసియా యందురు. సెవిల్లె, కాడిజ్, హెరెజ్, గ్రనాడా యనునవి ఆ సీమలోని పట్టణములు. ఫ్లమెంకో యను సంగీతము అచ్చటనే పుట్టి పెరిగినది. దానికి మూడంగములు గలవు. పాటను కాంతే యనియు, ఆటను బైలే యనియు, గిటారు వాదనమును తోకే యనియు వారందురు. వీనిలో పాటయే పెద్దది. గిటారు చాలకాలము పాటకు తోడుగనే నడచినది. ఒంటరిగ కచేరిచేయుట తరువాత వచ్చినది. 2010వ సంవత్సరమున యునెస్కో సంస్థవారు ఈ కళను మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చిరి.

ఈ సంగీతమును పోషించినవారిలో హితానోలను జాతివారు ముఖ్యులు. వీరి పూర్వులు మన భరతఖండపు వాయవ్యభాగమునుండి అనేక శతాబ్దములక్రిందట పడమరకు సాగిపోయినవారని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఈ జాతివారి మూలభాషయగు రోమానీలో రెండును దుయి యనియు, మూడును త్రిన్ యనియు, ఐదును పంజ్ యనియు, నీటిని పానీ యనియు అందురు. సంస్కృతము చదివినవానికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 1425వ సంవత్సరమున ఆరగాన్ రాజగు అల్ఫోన్సో వీరి నాయకునకొకనికి తన రాజ్యములో నిర్భయముగ తిరుగుటకు అనుమతిపత్రమిచ్చెను. స్పెయిన్ దేశమునందు వీరి యునికిని దెల్పు ప్రాచీనలేఖ్యమదియే. అయితే, "కావున ఫ్లమెంకో మన సంగీతమే" యని మనము మీసము దువ్వరాదు. అది ఆందలూసియాలో పలుజాతులు కలిసి మెలసి చేసికొన్న సంగీతము. చుట్టఱికము వేఱు, స్వామ్యము వేఱు.

ఇంకొక్క పోలిక చెప్పి అసలు విషయమునకు వచ్చెదను. ఫ్లమెంకోలో ముఖ్యమైన స్వరశ్రేణిని సరిగమలలో పెట్టిచూచినచో శుద్ధరిషభము, సాధారణగాంధారము, శుద్ధమధ్యమము, పంచమము, శుద్ధధైవతము, కైశికినిషాదము వచ్చును. అనగా మన ఎనిమిదవ మేళమగు హనుమతోడి మెట్లు. కొన్నిచోట్ల గాంధారమును అంతరగాంధారముగ మార్తురు; అప్పుడది పదునాలుగవ మేళమగు వకుళాభరణపు మెట్లగును. మెట్లొక్కటియే గాని నడక వేఱు, గమకము వేఱు. తోడి వినబోవుచున్నామని కూర్చున్నచో తోడి వినబడదు.

ఇక వాద్యము. గిటారునకు ఆఱు తీగలు. సన్ననిదానితో మొదలుపెట్టి లావుదానివఱకు లెక్కింతురు. అనగా ఆఱవది మిక్కిలి లావైనది, మిక్కిలి మంద్రమైనది. స్పెయిన్ దేశస్థులు క్రిందినుండి పైకి మి, లా, రే, సోల్, సీ, మి యని స్వరముల పేళ్ళతోనే తీగలను పిలుతురు. ఆఱవ తీగను షడ్జముగ నెంచినచో ఐదవది శుద్ధమధ్యమము, నాలుగవది కైశికినిషాదము, మూడవది పైస్థాయి సాధారణగాంధారము, రెండవది పైస్థాయి పంచమము, మొదటిది రెండు స్థాయిలకు పైనున్న షడ్జమగును. నాదమును కంపనములతో కొలుచు శాస్త్రజ్ఞులు ఆఱవ తీగ సెకనునకు సుమారు 82 సారులు, ఐదవది 110 సారులు, నాలుగవది సుమారు 147 సారులు, మొదటిది సుమారు 330 సారులు కంపించునని చెప్పుదురు. ఈ క్రింది మూడు తీగలే నేటి మన విషయము. వీనిని స్పానిష్ భాషలో బోర్దోన్లందురు. నేను మంద్రతంత్రులనియే పిలిచెదను.

పై మూడు తీగలు ఒంటిపోగువి, నున్నగ నుండును. మంద్రతంత్రులకు మాత్రము పైన లోహపుతీగ చుట్టబడియుండును. అది యేల? వీణ మీటువారికి కారణము సగము తెలిసియే యుండును. తీగ శ్రుతి మూడు గుణములపై నాధారపడియుండును: పొడవు, బిగువు, బరువు. పారిసు నగరమున నుండిన మెర్సెన్ అను క్రైస్తవ సన్యాసి 1636లో వెలువడిన తన గ్రంథమునందు ఈ సంబంధమును వివరించెను. పొడవు సగమైనచో శ్రుతి రెట్టింపగును. బిగువు నాలుగింతలైనచో శ్రుతి రెట్టింపగును. బరువు నాలుగింతలైనచో శ్రుతి సగమగును.

గిటారులో ఆఱు తీగలకును పొడవొక్కటే. సుమారు 650 మిల్లీమీటర్లు. 19వ శతాబ్దిలో ఆల్మెరియా ప్రాంతపువాడగు ఆంతోనియో దె తోరెస్ (1817-1892) అను వడ్రంగి గిటారునకు నేటి రూపమును నిలిపినప్పటినుండి ఈ కొలతయే వాడుకలో నున్నది. బిగువును ఆఱింటికి ఇంచుమించు సమముగ నుండవలెను. కాదేని ఒక తీగ వ్రేలికి రాయివలెను, ఒకటి దూదివలెను తగులును. కాగా మార్పవలసినది బరువొక్కటే. మొదటి తీగకంటె ఆఱవది రెండు స్థాయిలు క్రింద నున్నది గనుక దాని శ్రుతి నాలుగవవంతు. అందుకు దాని బరువు పదునాఱింతలు కావలెను. అదే పదార్థముతో చేసినచో లావు నాలుగింతలగును. మొదటి తీగ సుమారు 0.7 మిల్లీమీటరు లావుండును. ఆ లెక్కను ఆఱవది 2.8 మిల్లీమీటర్లు కావలెను. అంత లావైన తీగ త్రాటివలె గాక కఱ్ఱవలె ప్రవర్తించును. తీగ మ్రోగునపుడు మూలస్వరముతోపాటు పుట్టు స్వయంభూస్వరములు దానిలో శ్రుతి తప్పును, ధ్వని మొద్దువాఱును.

17వ శతాబ్ది మధ్యభాగమున ఐరోపావారు దీనికొక యుపాయము వాడుకలోనికి తెచ్చిరి. లోపల సులభముగ వంగు పోగునుంచి, దానిపై సన్నని లోహపుతీగను సందులేకుండ చుట్టిరి. చుట్టు బరువునిచ్చును, లోపలిపోగు వంపునిచ్చును. నేటి గిటారు మంద్రతంత్రులలో చుట్టునది తఱచుగ వెండిపూత పూసిన రాగితీగ. రాగి నైలానుకంటె ఇంచుమించు ఎనిమిదింతలు బరువైనది గనుక ఆఱవ తంత్రి సుమారు 1.1 మిల్లీమీటరు లావుతోనే కావలసినంత మంద్రమున పలుకుచున్నది. మన వీణలో మంద్ర, అనుమంద్రములకు ఉక్కు గాక ఇత్తడి మొదలగు బరువైన లోహపుతీగలను, చుట్టుతీగలను వాడుటకును, తంబురలో మంద్రషడ్జమునకు ఇత్తడితీగ వేయుటకును కారణమిదియే.

లోపలి పోగునకును ఒక చరిత్ర గలదు. పూర్వము గిటారునకు పై మూడు తీగలు పశువుల ప్రేగులతో చేసిన నరములు; క్రింది మూడింటికి లోపల పట్టుపోగులు, పైన లోహపుచుట్టు. 1939-45 నాటి ప్రపంచయుద్ధకాలమున వైద్యులకు గాయములు కుట్టుటకు ప్రేగునరములు కావలసివచ్చి, వాద్యములకు దొఱకుట దుర్లభమయ్యెను. అమెరికాలోని డ్యూపాంట్ కర్మాగారమున 1930ల దశకములో కనిపెట్టబడిన నైలాన్ అప్పుడు అక్కఱకు వచ్చినది. న్యూయార్కు నగరమున ఆల్బర్ట్ ఆగస్టీన్ అను శిల్పి, సుప్రసిద్ధ గిటారు విద్వాంసుడగు ఆంద్రెస్ సెగోవియా ప్రోత్సాహముతో 1940ల దశకపు చివర నైలాన్ తీగలను సిద్ధపఱచెను. మంద్రతంత్రులలోపల పట్టుపోగుల స్థానమునకు సన్నని నైలాన్ పోగులు వచ్చినవి. రమోన్ మోన్తోయా (1879-1949) అను గొప్ప వాదకుడు 1936లో పారిసులో ఒంటరిగ వాయించిన ఫ్లమెంకో ధ్వనిముద్రికలు నేటికిని లభించుచున్నవి. అవి నైలాన్ తీగలకు పూర్వపువి. అందు మనము వినునది ప్రేగు, పట్టుతీగల నాదము. తీగలను గూర్చి తెలిసికొనగోరువాడు వానిని శ్రద్ధగ వినవలెను.

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. ఫ్లమెంకోకు మంద్రతంత్రి యెట్లు పలుకవలెను?

మనము వీణను దలంచుకొందము. ఒక్క మీటుతో నాదము పుట్టి నిలిచియుండును. ఆ నిలిచిన నాదములోనే తీగను ప్రక్కకు లాగి గమకములు పలికింతుము. తంబురలో నైతే తీగక్రింద దారపుపోగు నుంచి, ఆ నాదమునకు జీవము తెప్పించి, ఎడతెగని ధారగ జేయుదుము. అనురణనము దీర్ఘమైనకొలది వాద్యము మంచిదని మన మెప్పు. ఫ్లమెంకో వాదకుడు దీనికి భిన్నమైన గుణమును కోరును. అతని మంద్రస్వరము తటాలున పుట్టవలెను, మాటవలె తేటగ వినబడవలెను, పని తీఱగానే తొలగిపోవలెను. ఫ్లమెంకో గిటారు నిర్మాణమంతయు ఇందునకే. ప్రక్కలును, వెనుకపలకయు తేలికయగు సైప్రెస్ కఱ్ఱతోను, పైపలక పలుచని స్ప్రూస్ కఱ్ఱతోను చేయుదురు. తేలిక పెట్టె తీగనుండి బలమును వెంటనే గ్రహించి, వెంటనే గాలికిచ్చివేయును. అందుచేత ధ్వని గట్టిగ పుట్టి త్వరగ అణగును. నల్లని రోజ్‌వుడ్ కఱ్ఱతో చేసిన ఫ్లమెంకో గిటారులును గలవు. వానిలో ధ్వని మఱికొంత నిండుగ, నిలకడగ నుండును.

ఈ పొడినాదమును కోరుటకు కారణము పాటయే. సొలెయా, బులెరియా మొదలగు రచనలు పండ్రెండు మాత్రల యావృత్తముతో నడచును. వానిలో ఊనికలు సమదూరమున నుండవు. మూడేసి మాత్రలకొకటి, రెండేసి మాత్రలకొకటిగ పడును. వాదకుడు బొటనవ్రేలితో మంద్రతంత్రులపై క్రిందికి పైకి కొట్టుచు, వ్రేళ్ళనన్నిటిని విసరి తీగలన్నిటిని ఒక్కసారిగ మ్రోగించుచు, నడుమ నడుమ గోటితో పలకమీద తాళము వేయుచుండును. ఒక ఊనికనాటి మంద్రధ్వని మఱొక ఊనికవఱకు మ్రోగుచునే యున్నచో లెక్క చెడును, గాయకుని మాట మునిగిపోవును.

నా పూర్వశిష్యుడొకడు ఉద్యోగరీత్యా సెవిల్లె పట్టణమున కొన్నేండ్లుండి అచ్చట గిటారు నేర్చుకొని వచ్చెను. ఒకనాడు మా యింటి అరుగుమీద నా వీణను, వాని గిటారును ప్రక్కప్రక్కన పెట్టుకొని గంటసేపు తంత్రులను పరీక్షించితిమి. నేను, "నాయనా, నీ వాద్యము బాగుగ పలుకుచున్నదిగాని స్వరము నిలువదేమి?" అంటిని. వాడు నవ్వి, "మాస్టారూ, అక్కడ నా గురువుగారు నన్ను మందలించినది స్వరము నిలుచుచున్నదనియే! నేను క్రొత్తగ మిక్కిలి మ్రోతగల మంద్రతీగలు కట్టుకొని పోతిని. పాడునాయన రెండు చరణములు పాడి యాగి, 'నా మాట నాకే వినబడుటలేదు' అన్నాడు. మఱునాడు తీగలు మార్చుకొంటిని" అని చెప్పెను. ఆ మాట నాకు నచ్చినది. హరికథకునికి ప్రక్కవాద్యము వాయించువా డెఱుగవలసిన ధర్మము గూడ నిదియే.

కావున ఫ్లమెంకోకు మంద్రతంత్రులను కొనువాడు నాలుగు గుణములను విచారింపవలెను.

మొదటిది బిగువు. పొట్లముమీద మామూలు బిగువనియో, హెచ్చు బిగువనియో వ్రాసియుందురు. ఒక్కొక్క నైలాన్ తీగ శ్రుతిచేసినపుడు ఇంచుమించు 5 మొదలు 8 కిలోల బరువుతో లాగును. ఆఱు తీగలు కలిసి సుమారు 40 కిలోలు. హెచ్చు, మామూలు బిగువుల నడుమ తేడా తీగకు సాధారణముగ అరకిలోకు లోపే. కాని వ్రేలికి తెలియును. బిగువు తక్కువైన తీగ అదే మీటునకు ఎక్కువ వెడల్పుగ ఊగును. ఫ్లమెంకో గిటారులో తీగలు మెట్లకు చాల చేరువగ నుండును. పండ్రెండవ మెట్టుకడ ఆఱవ తంత్రి సుమారు 3 మిల్లీమీటర్ల యెత్తున నుండును, సంప్రదాయ గిటారులో నది 4 మిల్లీమీటర్లదాక నుండును. అందుచేత వదులైన మంద్రతంత్రిని గట్టిగ కొట్టినచో మెట్లకు తగిలి జరజరలాడును. కొంచెము జరజర ఫ్లమెంకోలో దోషముగాదు, రుచియే. కాని స్వరమును మ్రింగివేయునంత యుండరాదు. గట్టిచేతివాడు హెచ్చు బిగువును, తేలికచేతివాడును, బాలురును మామూలు బిగువును ఎంచుకొనుట మేలు. ఒక కర్మాగారమువారి హెచ్చు మఱొకరి మామూలునకు సమానము కావచ్చును గనుక పేరును గాక, పొట్లముపై వ్రాసిన కొలతలను చూడవలెను.

రెండవది చుట్టులోహము. వెండిపూత రాగి యన్నది వాడుకలో మిక్కిలి వ్యాపించినది. దాని ధ్వని నిండుగను, కొంత మెత్తగను నుండును. రాగిలో తుత్తునాగము కలిపిన పసుపువన్నె లోహముతో చుట్టినవియు గలవు. ఇవి మఱింత తళుకుగ, పదునుగ పలుకును. సైప్రెస్ కఱ్ఱపెట్టె స్వభావముచేతనే పదునైనది గనుక దానికి వెండిపూత రాగి చాలును. రోజ్‌వుడ్ పెట్టెతో నిండుదనము మిక్కుటమై మాట తేటపడనపుడు పసుపువన్నె తీగను పరీక్షింపవచ్చును. పెట్టెలో లేని గుణమును తీగలోను, తీగలో లేని గుణమును పెట్టెలోను వెదకుట సూత్రము.

మూడవది చుట్టుయొక్క పైభాగము. చుట్టిన తీగ గరుకుగ నుండుటచేత ఎడమచేతి వ్రేలు దానిపై జాఱునపుడు కీచుమను చప్పుడు వచ్చును. దానిని తగ్గించుటకు కొందఱు తయారుచేయువారు చుట్టుపైభాగమును కొంచెముగ అరగదీసి నునుపుచేయుదురు. కీచుదనము తగ్గును, దానితోపాటు తళుకును కొంత తగ్గును. ధ్వనిముద్రణము చేయించుకొనువారు దీనిని కోరుట గలదు. పాటకు తోడుగ, ఆటకు తోడుగ వాయించువానికి ఆ కీచు అంతగా అడ్డముగాదు.

నాలుగవది వయస్సు. క్రొత్త మంద్రతంత్రి లోహఘంటవలె మ్రోగును. దినములు గడచినకొలది చెమటయు, చర్మపు మురికియు చుట్టుల సందులలో చేరి కంపనములను అణచును; మెట్లపై నొరసి చుట్టు అరుగును. పై స్వయంభూస్వరములు ముందుగ పోయి ధ్వని పొడివాఱును. ఇచ్చట అభిరుచిభేదము గలదు. కొందఱు వాదకులు కచేరికి ముందు క్రొత్తతీగలే కట్టుదురు. మఱికొందఱు క్రొత్తమ్రోత కొంత తగ్గి తీగ కుదుటబడినపిమ్మటనే ఫ్లమెంకోకు పనికివచ్చునందురు. అయితే పొడిదనమునకును, మృతికిని భేదమెఱుగవలెను. పరీక్ష యిట్లు: పండ్రెండవ మెట్టునకు సరిగా పైన తీగను వ్రేలితో తేలికగ తాకి మీటుడు, పిమ్మట అదే మెట్టుపై తీగను నొక్కి మీటుడు. రెండు స్వరములు ఏకమగుచుండిన తీగ యిప్పుడు ఏకము కాకున్నచో దాని బరువు అచ్చటచ్చట మాఱిపోయినదన్నమాట. అట్టిది మార్పదగినది.

ఈ నాలుగింటితోపాటు వాయించు రచనను గూడ గమనింపవలెను. సొలెయాకు ఆఱవ తంత్రి ఆధారస్వరము. సెగిరియా యను శోకరసప్రధానమైన రచనకు ఐదవ తంత్రి ఆధారస్వరము. ఆ తంత్రి మెట్టు నొక్కకయే పలుకవలెను గనుక దాని నిండుదనమే రచనకు పునాది. రోందేన్యా యను రచనను మోన్తోయా ఒంటరివాదనమునకు మలచినపుడు ఆఱవ తంత్రిని ఒక పూర్ణస్వరము క్రిందికి, మూడవ తంత్రిని అరస్వరము క్రిందికి దింపెను. ఆఱవ తంత్రి అట్లు దిగినపుడు దాని బిగువులో ఇంచుమించు ఐదవవంతు తగ్గును. ముందే వదులైన తీగ యైనచో అది చప్పుడుచేయునే గాని పాడదు. అట్టి రచనలకు ఆఱవదానిని హెచ్చు బిగువుదిగ నుంచి, తక్కినవానిని మామూలువిగ నుంచుటకు అభ్యంతరము లేదు. ఆఱును ఒకే పొట్లములోనివై యుండవలెనను శాస్త్రమేమియు లేదు.

ఇక మన పెద్దలు ముఖ్యముగ గుర్తుంచుకొనవలసిన సంగతి. మన పట్టణములలోని అంగళ్ళలో విరివిగ దొఱకునవి ఉక్కుతీగల గిటారులు, ఉక్కుతీగలు. ఉక్కుతీగల జట్టు 60 మొదలు 75 కిలోల బరువుతో లాగును. నైలాన్ తీగలకని చేసిన ఫ్లమెంకో గిటారు, సంప్రదాయ గిటారు ఆ బరువును మోయజాలవు. మా పొరుగూరిలో ఒకరి మనుమనికి విదేశమునుండి బంధువులు మంచి స్పెయిన్ గిటారు పంపిరి. మంద్రతంత్రి తెగగా, అంగడివాడు చూపిన ఉక్కుజట్టు నగిషీగ నున్నదని తెచ్చి కట్టిరి. కొన్ని వారములలో తీగలను పట్టియుంచు అడ్డపలక జిగురు వీడి, పైపలక చీలికతోసహా ఊడివచ్చినది. వాద్యమును బాగుచేయువారు దగ్గఱలో లేరు. ఆ పిల్లవాని చదువు ఆగిపోయినది. రెండు రకములును చూపునకు ఒకటిగనే యుండును. భేదము తెలియుటకు పై మూడు తీగలను తాకిచూడుడు. అవి మెఱయు ఉక్కుగాక పారదర్శకమైన నున్నని పోగులైనచో ఆ గిటారునకు ఎన్నడును ఉక్కుతీగ కట్టనీయకుడు.

కట్టుటయందును, కాపాడుటయందును కొన్ని జాగ్రత్తలు. ఆఱు తీగలను ఒక్కసారిగ విప్పక, ఒకటి విప్పి ఒకటి కట్టుచు పోయినచో పైపలకపై బరువు హఠాత్తుగ మాఱదు. క్రొత్తతీగ కొన్నాళ్ళు సాగుచు శ్రుతి దిగుచుండును. మంద్రతంత్రులు నైలాన్ ఒంటిపోగులకంటె త్వరగ కుదుటబడును. మూడు మంద్రతంత్రులలో ముందుగ తెగునది నాలుగవది. దాని చుట్టుతీగ తక్కినవానికంటె సన్ననిది గనుక మెట్లపై త్వరగ అరుగును. అందుచేత నాలుగవ తంత్రి నొకటి అదనముగ కొని దాచుకొనుట పొదుపు. వాయించిన ప్రతిసారి పొడిగుడ్డతో తీగలను క్రిందను పైనను తుడిచినచో వాని యాయుస్సు పెరుగును. ఈ యొక్క యలవాటు మన వీణలకును మేలుచేయును.

అయ్యలారా, నేను చెప్పినదానిని సంగ్రహించెదను. బిగువు చేతినిబట్టి, లోహము పెట్టెనుబట్టి, నునుపు సందర్భమునుబట్టి, వయస్సు చెవినిబట్టి నిర్ణయింపవలెను. వెల యెక్కువైన తీగ యన్నివేళల మంచి తీగ కాదు. దీర్ఘముగ మ్రోగు తీగ యన్నిచోట్ల మంచి తీగ కాదు. మన వీణకు గుణమైనది ఫ్లమెంకో గిటారునకు దోషము కావచ్చును. అచ్చటి గుణము ఇచ్చట దోషము కావచ్చును. ఏ నాదమునకు ఏది ప్రయోజనమో తెలిసిన పిమ్మటనే గుణదోషముల విచారము. మీ యింటి పిల్లలు ఏ వాద్యము పట్టినను, తీగలకు డబ్బిచ్చునపుడు "ఇది దేనికొఱకు పలుకవలెను, నాయనా?" అని యొక్క ప్రశ్న వేయుడు. సమాధానము చెప్పుటకైనను వారు చెవియొగ్గి వినుట నేర్చుకొందురు.